సర్జరీ అయిన మోచేతితో అయిదు లీగులు: ఒక పిచర్ వెంట ఫిజియోగా నా అనుభవం

నేను టెక్సస్‌లో ఫిజియోథెరపిస్టుని. రెండున్నరేళ్లుగా ఓ కుడిచేతివాటం బేస్‌బాల్ పిచర్ (క్రికెట్లో బౌలర్ లాగా బంతి విసిరే ఆటగాడు) మోచేతి బాగోగులు చూస్తున్నాను. 2023 మార్చిలో అతనికి సర్జరీ అయింది. 2025 ఆగస్టు ఆఖర్లో కొరియాలో ఆరు వారాల ఒప్పందం ముగించుకుని ఇంటికొచ్చాడు. మధ్యలో అమెరికా ఇండిపెండెంట్ లీగు (మేజర్ లీగు జట్లతో సంబంధం లేని చిన్న లీగు), మెక్సికో, డొమినికన్ రిపబ్లిక్, తైవాన్. కొత్త దేశం వెళ్లినప్పుడల్లా మొదటి రెండు వారాలు నేను పక్కనే ఉండాలి, తర్వాత వీడియో కాల్‌లో చూసుకోవాలి అన్నది మా ఒప్పందం. అతని పేరు, జట్ల పేర్లు రాయడం లేదు. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు బేస్‌బాల్ ఆడుతున్న మన పిల్లల అమ్మానాన్నలు, ఇండియాలో ఫిజియో చదివి ఆటల వైపు రావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు వరసగా చెబుతున్నాను.

ముందే ఒక మాట. పిచర్‌కి జట్టు మారడం ఒక్క ఫోన్ కాల్ పని. చేతికి మాత్రం కొత్త బంతి, కొత్త మౌండ్ (పిచర్ నిలబడి విసిరే మట్టి దిబ్బ), మ్యాచ్‌ల మధ్య కొత్త విరామం అలవాటవడానికి మూడు నాలుగు వారాలు కావాలి. విదేశీ పిచర్‌ని జట్టు రెండు మూడు మ్యాచ్‌లు చూసి ఉంచాలో పంపాలో తేల్చేస్తుంది. అంటే చెయ్యి కుదురుకోకముందే తీర్పు వచ్చేస్తుంది. తొందరపడి గట్టిగా విసిరితే మళ్లీ ఆపరేషన్ టేబుల్ మీదికే. మేం పడ్డ పాట్లన్నీ ఈ తేడా చుట్టూనే తిరిగాయి.

సర్జరీ 2023 మార్చి రెండోవారంలో. ముంజేతిలోని పాల్మారిస్ లాంగస్ టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) తీసి, మోచేతి లోపలివైపు తెగిన లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) స్థానంలో వేసి, దానికి అండగా గట్టి టేపు కూడా పెట్టారు. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కొద్దిగా వంచితే మధ్యలో తాడులా పైకి తేలేదే ఆ టెండన్. కొందరికి పుట్టుకతోనే ఉండదు. వాళ్లకి తొడ నుంచి తీస్తారు. క్లబ్ ఒప్పందంలో ఉండగా అయిన గాయం కాబట్టి సర్జరీ ఖర్చు, మొదటి ఫిజియో ఖర్చు వర్కర్స్ కాంపెన్సేషన్‌లో, అంటే ఉద్యోగంలో అయిన గాయాలకి ఉండే బీమాలో వచ్చాయి. నవంబరులో క్లబ్ వదిలేసింది. అప్పటిదాకా అతనున్న, మేజర్ లీగుకి ఒక్క మెట్టు కిందుండే ట్రిపుల్-ఏ స్థాయిలో 2023 నుంచి కనీస వేతనం ఏడాదికి 35,800 డాలర్లు. ఆ తర్వాత ఆదాయం సున్నా. ఇంట్లో భార్య, ఏడాది నిండని పాప.

బంతి పట్టుకున్నది ఆగస్టులో, అయిదో నెల దాటాక. 45 అడుగుల దూరం, 25 విసుర్లు, విశ్రాంతి, మళ్లీ 25. రోజు విడిచి రోజు. రెండుసార్లు నొప్పి లేకుండా పూర్తయితేనే తర్వాతి మెట్టు: 60, 90, 120, 150, 180 అడుగులు. డిసెంబరులో మౌండ్ ఎక్కాడు, ఫాస్ట్‌బాల్ మాత్రమే, సగం బలంతో. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సగం బలంతో వేస్తున్నానని పిచర్ నిజాయితీగా నమ్ముతాడు. రాడార్ గన్ పెడితే వేగం పూర్తి వేగంలో 80 శాతం పైనే ఉంటుంది. చేతికి తెలిసే బలం వేరు, లిగమెంట్ మీద పడే భారం వేరు. అందుకే మొదటి రోజు నుంచే గన్ పెట్టి, శాతాలు మానేసి, గంటకు ఇన్ని మైళ్లు దాటకూడదని అంకె చెప్పాను. వంపు తిరిగే కర్వ్, స్లైడర్ బంతులు పదకొండో నెలలో. బ్యాటర్ ఎదురుగా వేయడం 2024 మార్చిలో, సరిగ్గా ఏడాదికి.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇంత జాగ్రత్త అతిగా అనిపించవచ్చు. ఫాస్ట్ బౌలర్‌కి భయం నడుము ఎముకతో. చెయ్యి దాదాపు చాచే ఉంటుంది కాబట్టి మోచేతికి అంత ముప్పు లేదు. పిచర్ మోచెయ్యి మాత్రం మడిచిన స్థితి నుంచి సెకనుకు రెండు వేల డిగ్రీలకు మించిన వేగంతో తెరుచుకుంటుంది. ప్రతి బంతికీ లోపలివైపు లిగమెంట్ తన శక్తి అంచులదాకా సాగుతుంది, చుట్టూ ఉన్న ముంజేతి కండరాలే దాన్ని కాపాడతాయి. అందుకే నేను రోజూ కొలిచేది ఆ కండరాలనే. ఉదయం గ్రిప్ మీటర్ నొక్కిస్తాను. మామూలు కంటే పదో వంతు తగ్గితే ఆ రోజు బుల్‌పెన్ (మ్యాచ్ బయట మౌండ్ మీద నుంచి చేసే ప్రాక్టీసు) లేదు.

2024 మే నెలలో ఇండిపెండెంట్ లీగులో చేరాడు. దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. జీతం తక్కువ, బస్సు ప్రయాణాలు ఎక్కువ, ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో బస. అక్కడికి వెళ్లేది అంకెల కోసం. వేగం, స్పిన్, బంతి తిరిగే కోణం నమోదైన వీడియోలు ఏజెంట్ చేతికి అందితే, ఆయన మెక్సికోకి, ఆసియాకి పంపుతాడు. రెండు నెలలు ఎవరూ పలకలేదు. ఫోన్ మోగినప్పుడల్లా అతను లేచి బయటికెళ్లేవాడు. తిరిగొచ్చినప్పుడు మొహం చూసి నేనేమీ అడిగేవాణ్ణి కాదు.

జులైలో మెక్సికో నుంచి కబురు. ముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ నుంచి జట్టు అనుమతి తెప్పించాలి. ఆ అనుమతి నంబరుతో కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. దేశంలో దిగిన 30 రోజుల్లోపు రెసిడెంట్ కార్డు తీసుకోవాలి. నాది ఇండియా పాస్‌పోర్టు, అమెరికా గ్రీన్ కార్డు. గ్రీన్ కార్డు ఉంటే మెక్సికోకీ, డొమినికన్ రిపబ్లిక్‌కీ విడిగా వీసా అక్కర్లేదు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

మెక్సికోలో సమస్య బంతి కాదు, గాలి. మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. గాలి సాంద్రత సముద్రమట్టం కంటే సుమారు అయిదో వంతు తక్కువ. స్పిన్ మీద ఆధారపడే కర్వ్ అక్కడ సరిగా వంగదు. నిన్నటిదాకా మోకాలి ఎత్తుకి దిగిన బంతి నడుము దగ్గరే ఆగిపోతుంది, బ్యాటర్ దాన్ని స్టాండ్స్‌లోకి పంపేస్తాడు. అప్పుడు పిచర్ సహజంగా చేసేది మణికట్టు ఇంకా గట్టిగా తిప్పడం. మర్నాడు ముంజెయ్యి లోపలివైపు బిగుసుకుపోతుంది. ఎత్తైన ఊళ్లలో కర్వ్ తగ్గించి, వేగం తేడాతో మోసం చేసే చేంజప్‌ని, తూటాలా గుండ్రంగా తిరుగుతూ వెళ్లే స్లైడర్‌ని పెంచమని పిచింగ్ కోచ్‌తో మాట్లాడి ఒప్పించాం. ఈ రెండింటికీ గాలి పెద్దగా అవసరం లేదు. కోచ్ ఒప్పుకోకపోయి ఉంటే ఆ చెయ్యి సెప్టెంబరు దాకా నిలిచేది కాదని నా నమ్మకం.

ఇంకో సంగతి తిండి. మెక్సికోలో పశువుల మాంసంలో, అవి కండ పట్టడానికి పెట్టే క్లెన్‌బ్యూటరాల్ అనే మందు ఉండే అవకాశం ఉంది, డోపింగ్ పరీక్షలో అది బయటపడుతుంది. అందుకని గొడ్డుమాంసం పూర్తిగా మానేసి చేపలు, గుడ్లు, బీన్స్‌తో గడిపాడు. మందుల పెట్టె కూడా ప్రతి దేశానికీ ముందే తిరగేయాలి. జలుబుకి అమెరికాలో మామూలుగా కొనే సూడోఎఫెడ్రిన్ మెక్సికోలో నిషేధం. అమెరికాలో డాక్టర్ చీటీతో దొరికే ఆడరాల్ (ఏకాగ్రత సమస్యకి వాడే మందు) జపాన్‌లోకీ, కొరియాలోకీ తీసుకెళ్తే జైలు వ్యవహారం. గంజాయి మొక్క నుంచి తీసిన నొప్పి క్రీములు కూడా కొరియాలో అంతే. ఇవి ఎవరూ పిలిచి చెప్పరు.

అక్టోబరు మధ్యలో డొమినికన్ వింటర్ లీగు. ఆరు జట్లు, చిన్న సీజన్. శాంటో డొమింగోలో లిసే, ఎస్కోగీదో రెండు జట్లదీ ఒకే స్టేడియం. అవి రెండూ తలపడే రాత్రి స్టాండ్స్ హోరులో పక్కవాడి మాట వినపడదు. ఒక్క వారం సరిగా వేయకపోతే మరో విదేశీయుడికి టికెట్ తీసేస్తారు. ఆ ఏడాది చెయ్యి మోసిన ఇన్నింగ్‌లు లెక్కేసి, ఇక్కడ ఒక్కో మ్యాచ్‌లో ఉండే తొమ్మిది ఇన్నింగ్‌లలో నాలుగుకు మించి వేయకూడదని ఒప్పందంలోనే రాయించాం. డిసెంబరు మొదటివారంలో తిరిగొచ్చి అయిదు వారాలు బంతి ముట్టలేదు. ఆ విశ్రాంతి కోసం ఇంకో నెల జీతం వదులుకున్నాడు. సర్జరీ తర్వాతి మొదటి పూర్తి ఏడాదికి ఆ మాత్రం ధర చెల్లించక తప్పదు.

తైవాన్ ఒప్పందం జనవరిలో కుదిరింది. సంతకానికి ముందు జట్టు అడిగినవి: తాజా ఎమ్మారై, సర్జరీ నోట్, పాత ఎమ్మారైలు అన్నీ. సర్జరీ అయిన మోచేతిని మొదటిసారి చూసే రేడియాలజిస్టుకి కొత్త లిగమెంట్ మందంగా, మచ్చలతో కనిపించి అనుమానం కలిగిస్తుంది. పాత చిత్రాలు పక్కన పెట్టి పోల్చితేనే మార్పు లేదని తేలుతుంది. రిపోర్టు కాగితం సరిపోదు, అసలు ఇమేజ్ ఫైళ్లు కావాలి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి పెట్టుకున్నాం. నాకు తైవాన్ వెళ్లడం తేలికే అయింది: గ్రీన్ కార్డున్న ఇండియన్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా అనుమతి పత్రం తీసుకోవచ్చు.

ఫిబ్రవరి క్యాంపులో మొదటి తేడా బంతి. కాగితం మీద కొలతలు దాదాపు ఒకటే, బరువు 142 నుంచి 149 గ్రాముల మధ్య. తోలు మాత్రం వేరు. అమెరికా బంతి జారుతుంది. మ్యాచ్‌కి ముందు డెలావేర్ నది ఒండ్రు పూసి రుద్దితే గాని పట్టు చిక్కదు. ఆసియా బంతులు డబ్బాలోంచి తీయగానే వేళ్లకి అంటుకుంటాయి. అది మంచిదే, ముంజెయ్యి అంత బిగించక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి గట్టిగా నొక్కడం అలవాటైన వేళ్లు ఒక్కరోజులో వదులు కావు. బంతి రవ్వంత ఆలస్యంగా చేతి నుంచి విడిపడి నేలకి దిగిపోతుంది. దాన్ని పైకి లేపడానికి పిచర్ నడుము వెనక్కి వాలుస్తాడు, చెయ్యి వెనకబడుతుంది, భారం మోచేతి మీద పడుతుంది. మేం చేసిందల్లా ఒప్పందం ఖాయం కాకముందే డజను తైవాన్ బంతులు తెప్పించి, జనవరి క్యాచ్‌లన్నీ వాటితోనే ఆడించడం.

రెండో తేడా మౌండ్. అమెరికాలో ముందు కాలు పడే చోట మట్టి ఇటుకలా గట్టిగా ఉంటుంది. తైవాన్‌లో కొన్ని గ్రౌండ్లలో మెత్తన. రెండో ఇన్నింగ్‌కల్లా గుంట పడుతుంది, కాలు జారుతుంది. కాలు ఆగకపోతే నడుము తిరగదు, ఆ లోటు చెయ్యి పూడుస్తుంది. పొడవు మేకుల స్పైక్స్ కొన్నాం, ముందుకు వేసే అడుగు పొడవు కొద్దిగా తగ్గించాం. ఇన్నింగ్‌ల మధ్య గుంట పూడ్పించమని దుబాసీ ద్వారా అడగడం ఒక పని. మొహమాటపడితే మోచేతికే నష్టం.

ఏప్రిల్ మూడోవారంలో ఐదో ఇన్నింగ్‌లో మోచేతి లోపలివైపు పట్టేసింది. నేనప్పటికి ఇంటికొచ్చేశాను. టెక్సస్‌లో ఉదయం ఏడు గంటలకి, అంటే తైవాన్‌లో రాత్రి ఎనిమిదికి వీడియో కాల్. ఆ కాల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి పిచర్ ఇంట్లోనూ ఈ రాత్రి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మొదట అడగాల్సింది నొప్పి ఎంత అని కాదు, వేలు పెట్టి చూపించమని. లోపలి ఎముక బొడిపెకి కాస్త ముందూ కిందా అయితే ముంజేతి కండరం కావచ్చు. బొడిపెకి సరిగ్గా కింద, లోతుగా అయితే లిగమెంట్ మీద అనుమానం. తర్వాత, అరచెయ్యి కిందికి తిప్పుతుంటే అవతలివాళ్లు ఆపితే నొప్పి వస్తుందా? వస్తే కండరం వైపు మొగ్గు. ఆపైన జట్టు ట్రైనర్ చేత అసలు పరీక్ష: భుజం పక్కకి ఎత్తి, మోచెయ్యి పూర్తిగా మడిచి, బయటికి వత్తుతూ చటుక్కున చాపడం. 120 నుంచి 70 డిగ్రీల మధ్య పాత నొప్పి తిరిగొస్తే అది లిగమెంట్ సంకేతం. రాలేదు. అయినా టప్‌మన్న శబ్దం వినపడిందా, చిటికెనవేలు తిమ్మిరెక్కిందా అని రెండేసి సార్లు అడిగాను. లేదన్నాడు. తెర మీద అతని వెనక భార్య పాపని ఎత్తుకుని నిలబడి ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు.

ఎమ్మారై మర్నాడే తీశారు, ఫలితం రావడానికి రెండు రోజులు. ఆ రెండు రోజులూ నాకు క్లినిక్‌లో పని మీద మనసు నిలవలేదు. మళ్లీ తెగి ఉంటే రెండో సర్జరీ, ఇంకో ఏడాదిన్నర. 30 దగ్గరపడిన పిచర్ కోసం ఏ జట్టూ అంతకాలం ఆగదు. చివరికి ముంజేతిలోని ఫ్లెక్సర్ కండరంలో మొదటి స్థాయి స్ట్రెయిన్, అంటే తేలికపాటి సాగుడు అని వచ్చింది, లిగమెంట్ చెక్కుచెదరలేదు. పది రోజులు విసరకుండా, తర్వాత మళ్లీ 60 అడుగుల నుంచి మొదలు. మూడున్నర వారాలకి మ్యాచ్ ఆడాడు.

జట్టు అన్నాళ్లు ఆగింది కానీ మర్చిపోలేదు. తైవాన్‌లో 120 మ్యాచ్‌ల సీజన్ రెండు భాగాలు, ఒక్కోటి 60. మొదటి భాగం ముగిసే రోజుల్లో విదేశీయుల్ని మార్చడం మామూలు. జులై మొదట్లో వదిలేశారు. ఆఖరి చెక్కు అనుకున్నదాని కంటే చాలా చిన్నది. కారణం పన్ను: ఏడాదిలో 183 రోజులు ఉంటే స్థానికులతో సమానంగా లెక్క, లేకపోతే 18 శాతం. సీజనంతా ఉంటాడని ముందు తక్కువ పట్టుకున్నారు, మధ్యలో వెళ్తుంటే తేడా అంతా ఒక్కసారే కోశారు. ఆసియా ఒప్పందం చేతికొచ్చినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. మధ్యలో పంపేస్తే పన్ను తేడా ఎవరు భరిస్తారు?

నాలుగు రోజులకే కొరియా. అక్కడ 2024 నుంచి ఒక నిబంధన ఉంది. విదేశీ ఆటగాడు ఆరు వారాలు తక్కువ కాకుండా గాయంతో దూరమైతే జట్టు తాత్కాలికంగా ఇంకొకరిని తెచ్చుకోవచ్చు. నెలకు గరిష్ఠంగా లక్ష డాలర్లు. అసలు పిచర్ కోలుకోగానే ఇతను ఇంటికి. అయినా అందరూ కొరియా అనగానే లేచి కూర్చుంటారు. మెరిల్ కెల్లీ అనే పిచర్ అక్కడ నాలుగేళ్లు ఆడి 2019లో మేజర్ లీగు జట్టు అరిజోనాకి వెళ్లాడు, 2023 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగు ఫైనల్ పోరు) మ్యాచ్ గెలిచాడు. మరో పిచర్ ఎరిక్ ఫెడీ 2023లో అక్కడ 20 విజయాలు సాధించి, షికాగో వైట్ సాక్స్‌తో రెండేళ్లకు 1.5 కోట్ల డాలర్ల ఒప్పందం తెచ్చుకున్నాడు.

సియోల్‌లో వైద్య పరీక్ష ఒక రోజులో అయింది. కానీ పని వీసా దేశం బయట తీసుకోవాలి కాబట్టి జపాన్‌లోని ఫుకువోకా పంపారు. కాన్సులేట్‌లో కాగితాలిచ్చి ఎదురుచూపు. వారం పైగా అసలు మౌండ్ లేదు. ఇలాంటి ఖాళీయే చేతికి ప్రమాదం, మొదటి మ్యాచ్ మాత్రం ఎదురుగా ఉంది. హోటల్ గదిలో రబ్బరు బ్యాండ్లు, టవల్‌తో విసిరే డ్రిల్లు, బరువు బంతులు. రోజు విడిచి రోజు అద్దెకి దొరికే ఇండోర్ బుల్‌పెన్‌లో 25 బంతులు. నాకు కొరియాకి మామూలు వీసా కావాల్సిందే, గ్రీన్ కార్డు అక్కడ అక్కరకు రాదు. అది చేతికొచ్చేసరికి అతని రెండో మ్యాచ్ అయిపోయింది.

బ్యాటర్ ముందుండే ఊహా చతురస్రం, అంటే జోన్‌లోంచి బంతి వెళ్తే స్ట్రైక్, బయట పోతే బాల్. కొరియాలో ఆ రెండూ చెప్పేది యంత్రం. 2025లో జోన్ పై హద్దు బ్యాటర్ ఎత్తులో 55.75 శాతం, కింది హద్దు 27.04 శాతం. 180 సెంటీమీటర్ల బ్యాటర్‌కి అంటే దాదాపు 100 నుంచి 48.7 సెంటీమీటర్లు. ఆ ఎత్తు ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక) మధ్యలోనూ, వెనక అంచులోనూ రెండుచోట్లా సరిపోవాలి. కింది అంచున వేసి, చివర్లో దిగిపోయే చేంజప్ అమెరికాలో అంపైర్ దయతో స్ట్రైక్ అయ్యేది. ఇక్కడ కాదు. మొదటి మ్యాచ్‌లో నాలుగు వాక్‌లు (నాలుగు బాల్స్ పడితే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) అలాగే వచ్చాయి. రెండో మ్యాచ్ నుంచి గురి ఒక బంతి ఎత్తు పైకి జరిపి, పైఅంచున ఫాస్ట్‌బాల్ పెంచాడు.

సోమవారం సెలవు. అంటే మంగళవారం వేసిన పిచర్ అదే వారం ఆదివారం మళ్లీ వేయాలి, మధ్య నాలుగే రోజులు. తైవాన్‌లో వారానికి ఒక్కసారి వేసిన చెయ్యి ఇది. మంగళ-ఆదివారాల జంట వచ్చిన వారం మధ్య బుల్‌పెన్ తీసేసి, సమతల నేల మీద 15 విసుర్లతో సరిపెట్టాం. మంగళవారం 85 బంతులు దాటొద్దని అడిగితే పిచింగ్ కోచ్ ఒప్పుకున్నారు. ఆ జట్టు ట్రైనర్లు రోజూ కొలతలు నాకు పంపేవారు. వాళ్ల క్లబ్‌హౌస్‌లోకి నాకు ప్రవేశం లేదు, మా పనంతా అపార్ట్‌మెంట్‌లో, మడత బల్ల మీద. గ్రిప్ మీటర్ ఒక్కసారి కూడా హద్దు కిందికి దిగలేదు.

ఆగస్టు చివర్లో అసలు పిచర్ కోలుకున్నాడు. పొడిగింపు ఉంటుందేమోనని మూడు రోజులు చూశాం, రాలేదు. సెప్టెంబరులో ఎమ్మారై తీయించాం, లిగమెంట్ బాగుంది. ఆరు వారాల విశ్రాంతి తర్వాత అక్టోబరు మధ్యలో మళ్లీ 60 అడుగుల నుంచి మొదలుపెట్టాడు. అమెరికా పౌరుడు కాబట్టి తైవాన్, కొరియాల్లో కట్టిన పన్నుల రసీదులన్నీ ఇక్కడి రిటర్న్‌లో క్రెడిట్ కోసం అకౌంటెంట్‌కి ఇవ్వాలి. తైవాన్ జట్టు నుంచి ఒక కాగితం ఇంకా రావాల్సి ఉంది. ఏజెంట్ దగ్గర మెక్సికో, తైవాన్ మాటలు నడుస్తున్నాయి, కొరియా కూడా పూర్తి సీజన్‌కి ఒకసారి వాకబు చేసింది. ఏది ఖాయమవుతుందో తెలిసేలోపు రెండు రకాల బంతులూ డజనేసి తెప్పించి పెట్టాను. సోమ, గురువారాలు తైవాన్ బంతి, మంగళ, శుక్రవారాలు కొరియా బంతి విసురుతున్నాడు.